‘లా’ షుఆ: మా ఇంట్లో పంతొమ్మిది రోజులు

మా నానాజాన్ ట్రంకు పెట్టెలో ఒక పాత ఉర్దూ అల్‌జబ్రా కితాబు ఉండేది. అట్ట ఊడిపోయింది, అంచులు చెదలు తిన్నాయి. ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూలో చదువు చెప్పిన జమానా నాటిది. ఆ కితాబులో ‘ఎక్స్’ కనిపించదు. ఎక్స్ ఉండాల్సిన చోట ‘లా’ ఉంటుంది, వై ఉండాల్సిన చోట ‘మా’ ఉంటుంది. లామ్, అలిఫ్ కలిపి రాసిన ఆ హర్ఫ్ మీద వేలు పెట్టి నానా అనేవారు: “బేటా, యే లా హై. ఇస్‌కు ఢూండ్‌నా.” ఇది తెలియనిది, దీన్ని మనం వెతకాలి అని.

నానా పోయి చాలా ఏళ్లైంది. కితాబు కూడా ఏమైందో. కానీ మొన్నటి జులైలో ఒక సాయంత్రం, ఆఫీసులో వార్తలు దిద్దుతుండగా నా ఫోనుకు ఒక రిపోర్టు వచ్చింది. మా బేగం ఛాతీ సీటీ స్కాన్ రిపోర్టు. కుడి ఊపిరితిత్తిలో ఆరు మిల్లీమీటర్ల చిన్న గడ్డ. దాని పక్కన ఒక ఇంగ్లీషు మాట: ఇన్‌డిటర్మినేట్. అంటే ఏమిటో తేల్చలేం. మూడు నెలల తర్వాత మళ్లీ తీసి పోల్చి చూడాలి. నానా కితాబులోని ‘లా’ నా ఇంటికొచ్చిందని అనిపించింది.

ఆ రిపోర్టును పంతొమ్మిది రోజులు దాచాను. దాని గురించే ఈ వ్యాసం. అయితే ఆ రోజుల్లో నిద్రపట్టక ఈ మర్జ్ గురించీ, ఈ స్కాన్ల తారీఖు గురించీ చాలా చదివాను. మన ఇళ్లలో ఇలాంటి కవర్లు చాలామంది బీరువాల్లో ఉన్నాయి కాబట్టి ఆ తారీఖు కూడా మీతో పంచుకుంటాను.

మెహందీ పోయినా పోని మరక

2024 రంజాన్ ఈద్‌కు మా బేటీ వాళ్ల అమ్మీ చేతులకు, పాదాలకు మెహందీ పెట్టింది. మూడు వారాలకు రంగంతా పోయింది. ఎడమ మడమ దగ్గర అరికాలి మీద ఒక నల్ల మరక మాత్రం మిగిలిపోయింది. వజూ చేసేటప్పుడు రుద్దేదట, పోయేది కాదట. ఆనె అనుకున్నాం. మందుల షాపులో ఆనెలకు అంటించే పట్టీ తెచ్చి వేశాం. రెండు నెలలు అలా పోయాయి. చివరికి చర్మం డాక్టరు చూసి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. మెలనోమా అన్నారు.

మెలనోమా అంటే ఎండకు మాడే తెల్లవాళ్ల జబ్బు అని నాకు తెలిసింది. సగమే తెలిసింది. మనలాంటి చామనఛాయ, నలుపు చర్మం ఉన్నవాళ్లకు ఇది తక్కువే. కానీ వచ్చినప్పుడు చాలాసార్లు ఎండ తగలని చోట వస్తుంది: అరికాలు, అరచేయి, గోరు కింద. జమైకా గాయకుడు బాబ్ మార్లే పేరు మీరు వినే ఉంటారు. ఆయనకు కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది. ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1977లో అసలు సంగతి తేలింది. 1981 మేలో 36 ఏళ్లకే పోయాడు. కాబట్టి నమాజీలారా, రోజుకు ఐదుసార్లు కడిగే పాదాన్ని ఒకసారి తిప్పి చూసుకోండి. ఇళ్లలో పెద్దవాళ్ల పాదాలు మీరే చూడండి.

ఈ మర్జ్‌కు పేరు రావడానికి చాలా కాలం పట్టింది. మన హకీములు కాన్సర్‌ను ‘సరతాన్’ అన్నారు, అంటే పీత. తెలుగులో రాచపుండు అన్నారు. వెయ్యేళ్ల కిందట అందలూసియాలో, కుర్తుబా దగ్గర ఉన్న అల్ జహ్రావీ శస్త్రచికిత్స గురించి పెద్ద కితాబు రాశారు. చిన్నగా, చేయి అందే చోట ఉన్నప్పుడే సరతాన్‌ను కోయవచ్చని అందులో చెప్పారు. ముదిరి పెద్దదైన దాన్ని తానెప్పుడూ నయం చేయలేకపోయానని, నయం చేసినవాళ్లనూ చూడలేదని కూడా రాశారు. అంత పెద్ద జర్రాహ్ తన చేతకానిదాన్ని దాచుకోకుండా రాసుకోవడం చదివి, ఫోన్లో రిపోర్టు దాచుకున్న నాకు సిగ్గేసింది.

1787లో లండన్‌లో జాన్ హంటర్ అనే సర్జన్ 35 ఏళ్ల మనిషి దవడ వెనక నుంచి ఒక నల్ల గడ్డ కోసి తీశారు. అదేమిటో ఆయనకు తెలియదు. అయినా పారేయకుండా సీసాలో భద్రం చేశారు. 1968లో ఆ ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే మెలనోమా అని తేలింది. అంటే 181 ఏళ్లు ఆ సీసా కూడా ‘ఇన్‌డిటర్మినేట్’గానే ఉంది.

హంటర్ తర్వాత ఫ్రాన్స్‌లో రెనె లెన్నెక్ వచ్చాడు. డాక్టర్ల మెడలో ఉండే స్టెతస్కోపు 1816లో చేసింది ఆయనే. అంతకు ముందే, 1804లో, ఈ నల్ల గడ్డల గురించి పారిస్‌లో ఉపన్యాసం ఇచ్చి వాటికి ‘మెలనోజ్’ అని పేరు పెట్టాడు. ఊపిరితిత్తుల్లో కనిపించే మామూలు నలుపు వేరు, ఈ నలుపు వేరు అని విడదీసి చెప్పాడు. ఆయన ఎక్కువగా పరిశోధించిన మరో జబ్బు టీబీ. 1826లో 45 ఏళ్లకు ఆ టీబీతోనే చనిపోయాడు. ఈ పేరును గుర్తుపెట్టుకోండి, ఆయన చూసిన రెండు జబ్బులూ మా బేగం స్కాన్‌లోకి వచ్చాయి.

1820లో ఇంగ్లండులో విలియం నోరిస్ అనే మామూలు ఊరి డాక్టరు తన రోగి ఒకరి గురించి వివరంగా రాశారు. గడ్డను మాత్రమే కాదు, చుట్టూ కొంత మంచి చర్మాన్ని కూడా కలిపి కోయాలని తర్వాత చెప్పింది ఆయనే. మా బేగం మడమకు చేసింది ఆ పనే. తొడ నుంచి చర్మం తీసి అక్కడ అతికించారు.

ఆపరేషన్ తర్వాత డాక్టరు మాకు ఒక అంకె చెప్పారు: 1.4 మిల్లీమీటర్లు. గడ్డ చర్మంలోకి ఎంత లోతు దిగిందో ఆ లెక్క. 1970లో వాషింగ్టన్‌లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే పాథాలజిస్టు ఈ కొలత కనిపెట్టారు. వెడల్పు కంటే లోతే ముఖ్యమని ఆయన చూపించారు. తర్వాత 1992లో అమెరికా సర్జన్ డొనాల్డ్ మోర్టన్ ఇంకో పద్ధతి చెప్పారు. నీలిరంగు ఎక్కించి, జబ్బు పాకితే మొదట చేరే లింఫ్ గ్రంథి ఏదో గుర్తించి, దాన్ని మాత్రమే తీసి చూడటం. మా బేగం గజ్జలో ఆ గ్రంథి సాఫ్‌గా ఉంది. అప్పుడు ఛాతీకి ఎక్స్‌రే, కడుపుకు అల్ట్రాసౌండ్ తీసి, బాగానే ఉందన్నారు. మేం మిఠాయి పంచాం. ఏడాది తర్వాత సీటీ తీశారు. అప్పుడొచ్చింది ఆ రిపోర్టు.

బెర్తా చేయి

“క్యా బోలే జీ రిపోర్ట్ మే?” అని ఆ రాత్రి బేగం అడిగింది. “సబ్ ఠీక్ హై” అన్నాను. పిల్లలు పడుకున్నాక వరండాలో కూర్చుని ఫోన్ తెరిచాను.

ఎక్స్‌రేకు ఎక్స్ అని ఎందుకు పేరొచ్చిందో ఆ రాత్రే చదివాను. 1895 నవంబరు 8న జర్మనీలోని వూర్జ్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ రాంట్‌జన్ అనే ప్రొఫెసర్ తన ల్యాబ్‌లో కరెంటు పంపే గాజు గొట్టాన్ని నల్ల అట్టతో మూసి పరీక్ష చేస్తున్నారు. కొంచెం దూరంలో ఉన్న తెర మెరిసింది. అట్టను దాటి ఏదో కిరణం వెళ్తోంది. అదేమిటో ఆయనకు తెలియదు. తెలియదు కాబట్టి లెక్కల్లో తెలియనిదానికి పెట్టే ఎక్స్‌నే పేరుగా పెట్టారు. మన ఉర్దూ సైన్స్ కితాబుల్లో అందుకే దాన్ని ‘లా షుఆ’ అన్నారు. అరబీ హిసాబ్ వాళ్లు అల్‌జబ్రాలో తెలియనిదాన్ని ‘షయ్’, అంటే ‘ఒక వస్తువు’ అనేవారు. అన్నిటి అర్థం ఒకటే: ఉంది, కానీ ఏమిటో ఇంకా తెలియదు.

రాంట్‌జన్ ఇల్లు ల్యాబ్ ఉన్న భవనంలోనే, పై అంతస్తులో. అయినా వారాల తరబడి భార్యకు ఏమీ చెప్పలేదు. తిండి, నిద్ర కూడా ల్యాబ్‌లోనే. డిసెంబరు 22న ఆమెను కిందికి పిలిచి, చేయి ఫొటో ప్లేటు మీద పెట్టమన్నారు. పావుగంట సేపు ఆమె కదలకుండా కూర్చుంది. ప్లేటు కడిగి చూస్తే ఎముకలు, వేలికున్న ఉంగరం. అన్నా బెర్తా తన ఎముకలు చూసి, నా మౌత్‌ను చూశాను అన్నట్టుగా భయపడిందని చెబుతారు.

దోస్తులారా, దీన్ని నేను చాలాసేపు ఆలోచించాను. మనిషి శరీరం లోపలి బొమ్మల్లో ప్రపంచమంతా మొదట చూసింది ఒక భార్య చేతిది. తీసినవాడు ఆమె భర్త. ఆయనకు అది ఇల్మ్, కొత్త దర్యాఫ్త్. ఆమెకు అది తన మౌత్. ఒకే బొమ్మను ఇద్దరు రెండు రకాలుగా చూశారు. 1901లో ఫిజిక్స్‌కు మొట్టమొదటి నోబెల్ ఆయనకే వచ్చింది. కనిపెట్టినదాని మీద పేటెంటు తీసుకోలేదు. బెర్తా చివరి ఏళ్లలో చాలాకాలం జబ్బుతో బాధపడింది. నొప్పి తగ్గించే సూదిమందు రాంట్‌జనే స్వయంగా వేసేవారు. 1919లో ఆమె పోయింది. నాలుగేళ్లకు, 1923లో, ఆయన కూడా పేగు కాన్సర్‌తో పోయారు.

చూపు పెరిగింది, శక్ కూడా పెరిగింది

ఎక్స్‌రేలో అన్నీ ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తాయి. పక్కటెముక వెనక ఆరు మిల్లీమీటర్ల గడ్డ ఉంటే దాక్కుంటుంది. శరీరాన్ని రొట్టె ముక్కల్లా పొరలు పొరలుగా చూపించే సీటీ స్కాన్‌ను గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు చేశారు. 1971 అక్టోబరు 1న లండన్‌లోని ఒక ఆసుపత్రిలో ఒక మహిళ తలను మొదటిసారి ఆ యంత్రంతో చూశారు. ఆయన పనిచేసిన కంపెనీ ఈఎంఐ. మన ఇళ్లలో ఖవ్వాలీల రికార్డుల మీద గ్రామఫోను ముందు కూర్చున్న కుక్క బొమ్మ ఉండేది కదా, ఆ హెచ్‌ఎంవీ కూడా ఈఎంఐదే. పాటలమ్మిన కంపెనీయే తల లోపలిని చూపించింది. ఆ మొదటి బొమ్మలో అడ్డం 80, నిలువు 80 గళ్లు మాత్రమే. ఇప్పుడు 512, 512. పొర మందం ఒక మిల్లీమీటరు కంటే తక్కువ కూడా ఉంటుంది.

ఇంకో స్కాన్ పెట్. దాని కథలో మనవాళ్లకు నచ్చే ఒక పేరుంది. కాన్సర్ కణాలు చక్కెరను విపరీతంగా తింటాయని జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ 1920లలో చెప్పారు. చక్కెర లాంటి పదార్థానికి రేడియో ధార్మిక ఫ్లోరిన్‌ను తగిలించి, అది శరీరంలో ఎక్కడికి పోతుందో చూడాలని అమెరికాలో కొందరు అనుకున్నారు. 1976 ఆగస్టులో ఫిలడెల్ఫియాలో దాన్ని మొదటిసారి మనుషులకు ఎక్కించి బొమ్మ తీసింది అబ్బాస్ అలవీ. ఆయన ఇరాన్‌లోని తబ్రీజ్‌లో పుట్టారు. ఆ మందు న్యూయార్క్ రాష్ట్రంలోని ల్యాబ్‌లో తయారైంది. దాని శక్తి 110 నిమిషాలకోసారి సగం అవుతుంది. అందుకే విమానంలో పంపారు.

“మరి మాకు పెట్ స్కాన్ తీయరా?” అని నేను డాక్టర్ సాబ్‌ను ఫోన్‌లో అడిగాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. గడ్డ ఇంత చిన్నదైతే పెట్ దాన్ని సరిగా పట్టుకోలేదు. పట్టుకున్నా, టీబీ, వాపు, ఇన్‌ఫెక్షన్ ఉన్న చోట కూడా చక్కెర ఎక్కువే ఖర్చవుతుంది, అక్కడా వెలుగుతుంది. మన దేశంలో ఎప్పుడో టీబీ సోకి, తెలియకుండానే మానిపోయి, ఊపిరితిత్తిలో చిన్న మచ్చ మిగిలినవాళ్లు ఎందరో. సూది గుచ్చి ముక్క తీద్దామంటే, అంత చిన్నదాన్ని అందుకోవడం కష్టం, ఊపిరితిత్తికి రిస్కు. “అది మెలనోమా కావచ్చు, పాత మచ్చ కావచ్చు. ఈరోజు నాకు తెలియదు. మూడు నెలల్లో పెరిగిందా లేదా అన్నదే చెబుతుంది” అన్నారు.

ఇంత ఫీజు తీసుకుని తెలియదంటాడేమిటని ఆ క్షణం కోపమొచ్చింది. లెన్నెక్ గుర్తొచ్చాడు. ఆయన పేరు పెట్టిన నల్ల జబ్బు, ఆయన్ని చంపిన టీబీ, రెండూ మా బేగం ఛాతీలో ఒకే ఆరు మిల్లీమీటర్ల చోటు కోసం పోటీ పడుతున్నాయి.

స్కాన్లు పదునెక్కిన కొద్దీ ఈ చిక్కు పెరిగింది. వెతకని చోట అనుకోకుండా కనిపించే గడ్డలకు 1982లో అమెరికా డాక్టర్లు ‘ఇన్సిడెంటలోమా’ అని పేరు పెట్టారు. చూపు పెరిగినంత వేగంగా అర్థం పెరగదు కదా. స్కాన్ నీడను చూపిస్తుంది, ఆ నీడ ఎవరిదో చాలాసార్లు కాలమే చెప్పాలి. స్కాన్ల కోసం ఎదురుచూసేవాళ్ల బేచైనీకి కూడా ఒక పేరుంది. ఎముక కాన్సర్ నుంచి బయటపడిన అమెరికా రచయిత బ్రూస్ ఫైలర్ 2011లో దాన్ని ‘స్కాన్‌జైటీ’ అన్నాడు. మా ఇంట్లో ఆ మర్జ్ ముందు నాకే పట్టుకుంది.

దాచడం అనే రివాజు

నేను ఎందుకు దాచాను? మా ఇంటి రివాజు అదే. మా అమ్మీ ఆ జబ్బు పేరు నోటితో అనేది కాదు, ‘వో బీమారీ’ అనేది. నా చిన్నప్పుడు మా ఖాలాను హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని కాన్సర్ దవాఖానాకు తీసుకెళ్లారు. మెహదీ నవాజ్ జంగ్ పేరున్న దవాఖానా అది. హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రిగా, తర్వాత గుజరాత్‌కు మొదటి గవర్నర్‌గా చేసిన ఆయన పేరు ఆ గేటు మీద పెద్దగానే ఉండేది. ఖాలాకు మాత్రం గ్యాస్ ట్రబుల్ అని చెప్పారు. ఆమె ఉర్దూ బాగా చదివేది. ఆ బోర్డు చదవలేదని మేమంతా ఎలా అనుకున్నామో ఇప్పటికీ తెలియదు. చనిపోయే ముందు ఎవరి అప్పు ఎంతో, ఎవరి నగ ఎవరికివ్వాలో చెప్పుకునే మోకా కూడా ఆమెకు మేం ఇవ్వలేదు.

ఇది మనొక్కరి రివాజు కాదు. 1961లో అమెరికాలో డాక్టర్లను అడిగితే దాదాపు 90 శాతం మంది కాన్సర్ అని రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. 1979లో మళ్లీ అడిగితే 97 శాతం మంది చెప్పడమే మేలన్నారు. పద్దెనిమిదేళ్లలో తలకిందులైంది. మధ్యలో చికిత్సలు మెరుగయ్యాయి, రోగి హక్కుల మాట బలపడింది. డాక్టర్లు మారారు. ఇంటివాళ్లం మనం ఇంకా మారలేదు. ఇప్పుడు దాచేది డాక్టరు కాదు, రిపోర్టు ఎవరి ఫోనుకు వస్తే వాళ్లు.

పంతొమ్మిదో రోజు రాత్రి భోజనం దగ్గర బేగం ప్లేటు పక్కన పెట్టింది. “ఈరోజు సాలన్‌లో ఉప్పు ఎక్కువైంది” అంది. బాగానే ఉందన్నాను. “కావాలనే వేశాను. మూడు వారాల నుంచి నాతో ఒక్కసారి కూడా గొడవ పడలేదు. రిపోర్టులో ఏముంది?”

ఫోన్ తీసి ఇచ్చాను. ఆమె ఇంటర్ వరకు చదివింది. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. ఏడవలేదు. ఏడుస్తుందనే భయంతోనే నేను దాచింది. ఆమె అన్నది ఒకటే: “ఆప్ కైకు ఛుపాయే జీ? బదన్ మేరా, మాలూం మేరేకుచ్ నై?” శరీరం నాది, తెలియనిది నాకేనా అని. పెళ్లైన పద్దెనిమిదేళ్లలో ఆమె ముందు తలెత్తలేకపోయిన రోజు అది.

తర్వాత అడిగింది: “పోల్చి చూడాలని రాశారు కదా. పాతది ఉంటే ఇప్పుడే పోల్చొచ్చా?”

“పాతది లేదు. అప్పుడు తీసింది ఎక్స్‌రే మాత్రమే.”

“కరోనాలో తీసింది?”

నాకు నోట మాట రాలేదు. 2021 మే. రెండో వేవ్. ఆమెకు జ్వరం, దగ్గు. ఊళ్లో అందరూ తీయించినట్టే మేమూ ఛాతీ సీటీ తీయించాం. ఊపిరితిత్తుల్లో కరోనా ఎంత శాతమో చెప్పి పంపేశారు. మిగతా సంగతి ఆ రోజుల్లో ఎవరికి పట్టింది? ఆమె లేచి బీరువా తెరిచింది. నికాహ్‌నామా, రేషన్ కార్డు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు ఉన్న సంచిలోంచి ఒక సీడీ తీసింది.

నానా చెప్పిన అల్‌జబ్రా అప్పుడు మళ్లీ అర్థమైంది. లా విలువ తేలాలంటే దాన్ని తెలిసిన ఇంకో విలువతో కలిపి రాయాలి. ఆ తెలిసిన విలువ పంతొమ్మిది రోజులుగా మా బీరువాలోనే ఉంది. తాళం బేగం కొంగుకు ఉంది. నేను ఆమెకు తప్ప చాలామందికి ఫోన్ చేశాను.

రెండు బొమ్మలు పక్కపక్కన

ఇప్పటి లాప్‌టాప్‌లకు సీడీ పెట్టే చోటే లేదు. పాత డీటీపీ షాపు దోస్తు దగ్గర కాపీ చేయించి, ఇద్దరం కలిసి డాక్టర్ సాబ్ దగ్గరికి వెళ్లాం. ఆయన స్కాన్లు చదివే డాక్టరును పిలిచారు. రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి పొర పొర కదిపారు. 2021 బొమ్మలో, అదే చోట, ఏదో ఉంది. నీడలా.

నేను లేవబోయాను. ఆయన కూర్చోమన్నారు. కరోనా స్కాన్‌ను ఐదు మిల్లీమీటర్ల మందం పొరలుగా భద్రం చేశారు. అంత మందంలో అంత చిన్న గడ్డ సగం ఒక పొరలో, సగం ఇంకో పొరలో పడి మసకబారుతుంది. అప్పుడు నాలుగా, ఆరా అని కచ్చితంగా కొలవలేం. “మెలనోమా కనపడక ముందు నుంచే ఇది ఉండొచ్చు. అలాగైతే మంచి ఖబరే. కానీ అది యకీన్ అని నేను చెప్పలేను. అక్టోబరులో పలుచటి పొరలతో మళ్లీ తీద్దాం” అన్నారు.

ఇమామ్ మాలిక్‌ను ఒకసారి 48 మస్‌అలాలు అడిగితే 32 వాటికి ‘లా అద్రీ’, నాకు తెలియదు, అన్నారని ఒక రివాయత్ ఉంది. చిన్నప్పుడు మదర్సాలో విన్నప్పుడు అది నమ్రత అనుకున్నాను. తెలియనిదాన్ని తెలుసని చెప్పకపోవడం అమానత్‌ను కాపాడటమని ఆ గదిలో అర్థమైంది. మొదటిసారి నాకు కోపం తెప్పించిన ‘తెలియదు’ అన్న మాటే ఈసారి తసల్లీ ఇచ్చింది. ఎందుకంటే ఈసారి దాన్ని ఇద్దరం విన్నాం.

అక్టోబరులో తీశారు. ఆరు మిల్లీమీటర్లే. పెరగలేదు, తగ్గలేదు. “ఇంకో మూడు నెలలు” అన్నారు. మూడు నెలలు కదలనిది మంచి నిషానీయే. ఎప్పటికీ కదలదని దానికి అర్థం కాదు.

నేనిలా రాస్తున్నది భయపెట్టడానికి కాదు. పదిహేనేళ్ల కిందట పాకిన మెలనోమాకు చెప్పుకోదగ్గ ఇలాజ్ లేదు. 2011 నుంచి, ముఖ్యంగా 2014లో వచ్చిన మందుల నుంచి ఆ పరిస్థితి మారింది. శరీరంలోని సొంత ఫౌజ్‌ను జబ్బు మీదికి నడిపించే మందులివి. ఆ ఇల్మ్‌కు జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. అమెరికా మాజీ ప్రెసిడెంటు జిమ్మీ కార్టర్‌కు 90 ఏళ్లు దాటాక మెలనోమా కాలేయానికి, మెదడుకు పాకింది. 2015లో ఆ విషయం దాచకుండా అందరి ముందూ చెప్పారు. మందు పనిచేసింది. నూరేళ్లు నిండాక 2024 డిసెంబరులో పోయారు. అందరికీ అలా పనిచేయదు. ఆ మందు వాడేటప్పుడు కూడా కొన్నిసార్లు గడ్డ ముందు పెద్దగా కనిపించి తర్వాత తగ్గుతుంది. అక్కడా స్కాన్ ఒక్కసారికి అంతా చెప్పేయదు. కానీ ఇప్పుడు ఎదురుచూడటం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. పెరిగితే చేయడానికి పనులున్నాయి.

ఇంటి పెద్దలకు ఒక అర్జ్

ఇంట్లో ఎవరికైనా ఇలాంటి రిపోర్టు వస్తే నా తప్పు మీరు చేయకండి. చదవడం రాకపోతే చదివి వినిపించండి. పాత ఎక్స్‌రేలు, సీడీలు, అవి కరోనావైనా, ఎప్పటివో టీబీవైనా, పారేయకండి. డాక్టరును ‘కాన్సరేనా?’ అని మాత్రమే అడగకండి. ఎన్ని మిల్లీమీటర్లు, పాతదానితో పోల్చారా, మళ్లీ ఎప్పుడు, పెరిగితే ఏం చేస్తారు, ఇవి అడగండి. ఈసారి కూడా అదే రకం పలుచటి పొరలతో తీస్తారా అని అడగండి. తెలియదు అంటే కోపం తెచ్చుకోకండి.

‘ఏం కాదు’ అనే మాట నేను మానేశాను. ఏం కాదో నాకు తెలియదు కదా. బేగమే ఒక ఇంతెజామ్ చేసింది. జుమా రోజు మగ్రిబ్ తర్వాత అరగంట స్కాన్ గురించి మాట్లాడుకుంటాం. ఆమె భయం ఆమె చెబుతుంది, నాది నేను చెబుతాను. మిగతా వారమంతా పిల్లల ఫీజులు, కరెంటు బిల్లు, సాలన్‌లో ఉప్పు. గొడవలు మళ్లీ మొదలయ్యాయి. ప్రతి ఆదివారం ఆమె పాదాలు, అరచేతులు, గోళ్లు, వీపు నేను చూస్తాను. నావి ఆమె చూస్తుంది.

వచ్చే స్కాన్ జనవరిలో. మొన్న అపాయింట్‌మెంటుకు వెళ్లినప్పుడు కౌంటర్‌లో అబ్బాయి రిపోర్టు పంపడానికి మొబైల్ నంబరు అడిగాడు. అలవాటుగా నాది చెప్పబోయాను. బేగం ముందుకొచ్చి తన నంబరు చెప్పింది. అతను రెండుసార్లు చదివి సరిచూసుకున్నాడు.

ఈసారి రిపోర్టు నా ఫోనుకు రాదు. ఆమె చదివి నాకు చెబుతుంది. దువాల్లో యాద్ ఉంచుకోండి.